సిస్టరమ్మ కారు, ఆటోమేటిక్ డబ్బా, ఒక పర్సోఁ

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది పానాల గురించి. ఏ సైజులు కొనాలి, ఎక్కడ కొనాలి అని. పానాలదేముంది నాయనా, పక్క షెడ్డులో అడిగితే ఇస్తారు, తిరిగి ఇవ్వకపోతే రెండు తిట్లు తిడతారు, అంతే. చెవులు మాత్రం ఎవరూ ఇవ్వరు. బండి ఏమంటోందో, బండి తెచ్చినాయన ఏమంటున్నాడో, అనకుండా ఏం మింగుతున్నాడో వినడం వస్తే సగం పని వచ్చినట్టే.

నా పేరు మల్లేశ్. మాది గౌలిపుర. మా ఇంట్లో అందరూ బర్రెలను నమ్ముకున్నారు, నేనొక్కణ్ణే పాల క్యాను వదిలేసి ఆయిల్ క్యాను పట్టుకున్నాను. "పాల వాసన రావాల్సిన పోరడు గ్రీజు వాసనొస్తుండు" అని మా బాపు చాలా కాలం నాతో ముక్కు మూసుకునే మాట్లాడాడు. చాంద్రాయణగుట్టలో ఖాజా ఉస్తాద్ షెడ్డులో చేరాను. ఆయన పోయాక కూడా అక్కడే ఉన్నాను. మోకాళ్లు మొరాయించాక మానేశాను. చేరి పని నేర్చుకున్నాక మెకానిక్‌నే, మానేసిన రోజూ మెకానిక్‌నే. కాబట్టి ప్రమోషన్ల కథ కోసం చూసేవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

ఉస్తాద్ అడిగిన ప్రశ్న

ఖాజా ఉస్తాద్ బక్కపలుచని మనిషి. గడ్డానికి గోరింటాకు, చేతికి గ్రీజు, రెండూ ఏనాడూ పోలేదు. గిరాకీల మీద గొంతు లేపేవాడు కాదు. ఆ కోటా అంతా మాకే ఉంచేవాడు. సుత్తి పట్టుకున్నవాణ్ణి చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. తొందరపడేవాణ్ణి చూస్తే ఇంకా మండేది.

నేను పనిలో కుదురుకున్న కొత్తలో అఫ్జల్‌గంజ్ నుంచి ఒక బట్టల సేఠ్ కారు తెచ్చాడు. బ్రేకు తొక్కితే గరగరమంటోంది. ఎప్పటి నుంచి అని అడిగాను. "పర్సోఁ సంది" అన్నాడు. పర్సోఁ అంటే మొన్న. రెండు రోజుల చప్పుడే కదా, ఏదో రాయి ఇరుక్కుని ఉంటుందని చక్రం విప్పాను. లోపల చూస్తే నాగలితో దున్నినట్టు చాళ్లు పడి ఉన్నాయి.

ఉస్తాద్ వచ్చి చూశాడు. నన్ను ఏమీ అనకుండా సేఠ్ వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"కౌన్‌సా పర్సోఁ, సేఠ్?"

సేఠ్ గడ్డం గోక్కున్నాడు. "అంటే... మా చిన్నోని పెండ్లప్పటి సంది అనుకుంట."

ఆ చిన్నోని కొడుకు వెనక సీట్లో కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు.

బయటివాళ్లకు ఈ ముక్క అర్థం కాకపోవచ్చు. పుస్తకంలో పర్సోఁ అంటే మొన్న, లేకపోతే ఎల్లుండి. మా పాత బస్తీలో మాత్రం అది గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. పోయిన వారమూ పర్సోఁయే, పోయిన రంజానూ పర్సోఁయే, మా తాత పెళ్లీ పర్సోఁయే. అందులో అబద్ధం ఏమీ లేదు. మనసుకు దగ్గరగా ఉన్న రోజును మావాళ్లు దూరం పెట్టరు, అంతే. కానీ బ్రేకు డ్రమ్ముకు ఈ ప్రేమలు తెలియవు కదా.

సేఠ్ వెళ్లాక ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "కౌన్‌సా పర్సోఁ, పూఛ్. నై పూఛా తో పానా నక్కో పకడ్." ఏ పర్సోఁ అని అడుగు, అడగకపోతే పానా పట్టకు అని. నా చదువంతా ఆ ఒక్క మాటే.

మధ్యలో కొంతకాలం ఒక పెద్ద వర్క్‌షాపులో కూడా చేశాను. తెల్ల డ్రెస్సులు, నున్నటి నేల. గిరాకీలు అద్దాల గదిలో చల్లగా కాఫీ తాగుతుంటారు. వాళ్లు చెప్పింది ఎవరో విని, ఇంకెవరో టైపు కొట్టి, ఒక కాగితం ముక్క మా దాకా పంపిస్తారు. ఆ ముక్కలో పర్సోఁ ఉండదు, గడ్డం గోక్కోవడమూ ఉండదు. మనిషిని చూడకుండా బండిని బాగు చేయమంటే నాకు ఊపిరాడలేదు. ఉస్తాద్ దగ్గరికే తిరిగి వచ్చేశాను. ఎందుకు పోయావని గానీ, ఎందుకొచ్చావని గానీ ఆయన అడగలేదు. "ఆ జీపు కింద దూరు" అన్నాడు.

సిస్టరమ్మ

నేను మానేయడానికి కొన్నేళ్ల ముందు జరిగిన పని ఇది. నా చేతుల మీదుగా నడిచిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది కూడా ఇదే.

రూతమ్మ సర్కారు దవాఖానాలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. మాకందరికీ సిస్టరమ్మ. ఆమెకొక తెల్ల అంబాసిడర్ ఉంది. పాత మోడల్, గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది. దాన్ని మేము హ్యాండ్ గేరు అంటాం. ఎప్పుడు వచ్చినా తానే నడుపుకుంటూ వచ్చేది. మేము పని చేస్తున్నంతసేపూ బానెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. ఆమె చూస్తుంటే ఇంజక్షన్ పడబోయేవాళ్లలా మేమంతా బుద్ధిగా ఉండేవాళ్లం.

అలాంటి మనిషి ఒకరోజు ఆటోలో దిగింది. చేతిలో కర్ర. పక్కన తమ్ముడు దేవదానం. ఆయన రైల్వేలో చేసి రిటైరైనవాడు, మంచివాడు, ప్రతిదానికీ భయపడేవాడు. సిస్టరమ్మ ఇంట్లో జారిపడిందట. నడుముకు ఆపరేషన్ చేసినా ఎడమ కాలికి నరం పోయింది. పాదం ఎత్తలేదు, దించలేదు. కుడి కాలు మాత్రం గట్టిగానే ఉంది. క్లచ్ తొక్కే పని లేకపోతే కారు నడపొచ్చని డాక్టర్లు చెప్పారట.

"మల్లేశ్, నా బండికి క్లచ్ తీసేయ్" అంది, కూర్చోకుండానే.

"క్లచ్ తీసేస్తె బండెట్ల నడుస్తదమ్మా?"

"ఆటోమేటిక్ పెట్టు. ఇప్పుడొచ్చే బండ్లన్నిట్ల ఉంటున్నయి గదా."

దేవదానం తల పట్టుకున్నాడు. "జర నువ్వన్న చెప్పు మల్లేశన్నా. గీ ముసలి బండి అమ్మేయక్కా అంటె ఇనదు. కొత్తది ఆటోమేటిక్‌ది కొనుక్కో అంటె ఇనదు. కొనేటాయన్ని గూడ తోల్కొచ్చిన. సినిమాలకు కిరాయికిస్తడంట, మంచిగ చూస్కుంటడు."

"కొత్త బండి నాకు తెల్వది" అంది సిస్టరమ్మ. "దీని మూలలు నాకు తెల్సు. మన గల్లీలల్ల ఏ గోడకు ఎంత జాగ ఉంటదో కండ్లు మూస్కొని చెప్త. ఇంక ఐతారం నా కోసం ముగ్గురు ఎదురు చూస్తుంటరు. నాతోటి పనిచేసిన సిస్టర్లు. ఆళ్లను ఇండ్ల కాడికి పోయి ఎక్కిచ్చుకొని చర్చికి తీస్కపోయేది నేనే. గా ఆటోల మెట్టు గూడ ఎక్కలేరు ఆళ్లు."

"నేను తీస్కపోత గదక్కా" అన్నాడు దేవదానం.

"నువ్వు తీస్కపోతవ్. తీస్కపోయి మొకం ఇట్ల పెడ్తవ్." సిస్టరమ్మ మూతి ముడిచి చూపించింది. అచ్చం దేవదానమే. నవ్వబోయి ఆగిపోయాను, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మందిని లేపి కూసోబెట్టుడే నా పని ఇన్నేండ్లు. ఇప్పుడు నన్ను మంది లేపి కూసోబెడ్తుంటె నాకు సయిస్తలేదు మల్లేశ్. గంతే."

చివరికి అక్కాతమ్ముళ్లు నా ముందే ఒక ఒప్పందం చేసుకున్నారు. ఈస్టర్ పండగ నాడు సిస్టరమ్మ ఆ ముగ్గురినీ ఎక్కించుకుని తానే నడుపుకుంటూ చర్చికి వస్తే కారు ఆమెకే. రాలేకపోతే సోమవారం పొద్దున కొనేటాయన వచ్చి తీసుకుపోతాడు. ఈస్టర్‌కు కొన్ని వారాలే ఉన్నాయి. ఆమె ఏమాత్రం ఆలోచించకుండా సరే అంది. ఆలోచించాల్సింది నేను కదా మరి.

పాత ఒంట్లో కొత్త డబ్బా

ఈ మాట వినగానే పాత బండ్ల పిచ్చోళ్లు ఒకరిద్దరు షెడ్డుకు వచ్చి మరీ లొల్లి చేశారు. ఒరిజినల్ బండిని పాడు చేస్తున్నావు, పాపం తగులుతుంది అని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కవరు కప్పి మూల నిలబెట్టిన ఒరిజినల్ బండి కంటే, అతుకులేసుకుని రోడ్డు మీద తిరిగే బండి మేలు. అయితే విప్పిన సామాను మాత్రం పారేయకండి. పాత గేర్ డబ్బాను కడిగి, గ్రీజు రాసి, గోనె సంచిలో కట్టి సిస్టరమ్మ ఇంటికే పంపాను. అది ఆమె సొమ్ము.

ఇంకో సంగతి. ఇలాంటి మార్పుకు ముందే ఆర్టీఏ వాళ్ల అనుమతి కావాలి, ఆమె లైసెన్సులోనూ రాయించాలి. ఆ కథ నేను రాయను. ఆ లైన్లలో నిలబడింది దేవదానం. కారు అమ్మాలని మనసులో కోరుకుంటూనే కారు కోసం ఎండలో నిలబడ్డాడు. తమ్ముడంటే అట్ల ఉండాలె.

పని విషయానికొస్తే, ఆటోమేటిక్ డబ్బా పాతదానికంటే బాగా లావు. కారు నడుమ నేల కోసి, పైకి లేపి, మళ్లీ రేకు అతికించాలి. పాత ఇంజనుకు, కొత్త డబ్బాకు బోల్టు రంధ్రాలు కలవవు. రెండింటి మధ్య ఒక మందపాటి ఇనుప పలక లేత్ మీద చేయించాలి. అది వెంట్రుకవాసి పక్కకు పోయినా బండంతా వణుకుతుంది. వెనక చక్రాలకు పోయే షాఫ్టు కోసి పొట్టి చేయాలి. డబ్బా ఆయిల్ చల్లబడడానికి ముందు ఒక చిన్న రేడియేటర్ పెట్టాలి. ఇదంతా మాకు చేతనైన పనే.

చేతకానిది కంప్యూటర్. ఈ కాలపు డబ్బాకు గేరు ఎప్పుడు మార్చాలో ఒక చిన్న కంప్యూటర్ చెబుతుంది. ఆ పని ఖాజా ఉస్తాద్ బిడ్డ నస్రీన్ చూసుకుంది. మా షెడ్డులో వైరింగ్ అంతా తనదే. తండ్రి గొంతూ, తండ్రి కోపమూ కూడా తనకే వచ్చాయి.

"చాచా, డ్రైవర్ ఎంత తొక్కిండో డబ్బాకు తెల్వాలె. మీ పాత కార్బురేటర్ ఎవరికేం చెప్పదు. మూగది" అని విసుక్కుంటూ, కార్బురేటర్ పక్కన ఒక సెన్సర్ బిగించింది. మూగది మాట్లాడింది.

హ్యాండ్ గేరు తీయొద్దని సిస్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని ఆ పాత కర్రనే ఉంచి, దాన్ని కేబుల్‌తో కొత్త డబ్బాకు కలిపాం. చూసేవాళ్లకు ఏమీ మారినట్టు ఉండదు.

ఇక డబ్బా. వెనక నుంచి గుద్దుకుని తుక్కైన ఒక పెద్ద బండిది జహంగీర్ యార్డులో ఉందంటే నేనూ నస్రీన్ వెళ్లాం. జహంగీర్ పాత సామాన్ల వ్యాపారి, మాకు చాలా కాలంగా తెలిసినవాడు. "మల్లేశ్ భాయ్, పర్సోఁ దాకా దౌడాయించిన డబ్బా ఇది! ఫికర్ నక్కో కరో" అన్నాడు, దిగులు పడొద్దని. నేను నోరు తెరిచాను. అంతలో ఇరానీ చాయ్ వచ్చింది. చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. తెరిచిన నోట్లో ఉన్న ప్రశ్న బిస్కెట్‌తో పాటు లోపలికి వెళ్లిపోయింది.

అందరి ఎడమ కాలు

కారు మొదటిసారి కదిలిన రోజు నేనే నడిపాను. పక్కన నస్రీన్, ఒళ్లో ల్యాప్‌టాప్. బండి మెత్తగా బయలుదేరింది, మస్తు సంబరమైంది. ముందు ఒక మేక అడ్డమొచ్చింది. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? నా ఎడమ కాలు క్లచ్ కోసం లేచింది. క్లచ్ లేదు. వెడల్పుగా చేసిన బ్రేకు పెడల్ మీద దబ్బున పడింది. క్లచ్‌ను తొక్కినంత బలంగా బ్రేకు తొక్కితే ఏమవుతుంది? నస్రీన్ అద్దం దాకా వెళ్లి వచ్చింది. ల్యాప్‌టాప్ నా కాళ్ల దగ్గర పడింది. మేక మాత్రం తాపీగా దాటింది.

"అబ్బా సామనె హోతె తో మార్‌తె థె తుమ్‌కో!" అంది నస్రీన్ నుదురు రుద్దుకుంటూ. నాన్న ఉంటే నిన్ను కొట్టేవాడని. నిజమే, కొట్టేవాడు.

తర్వాత పక్క షెడ్డువాళ్లు నడిపారు. అదే తప్పు. దేవదానం నడిపాడు. అదే తప్పు, పైగా "యెహోవా!" అని ఒక కేక. గేర్లు మార్చుకుంటూ బతికిన ప్రతివాడి ఎడమ కాలూ అంతే. కొత్తగా ఆటోమేటిక్ ఎక్కేవాళ్లు ఆ కాలును సీటు కిందికి మడిచి పెట్టుకోండి. నేను చెప్పగలిగింది ఇదే.

ఇంతవరకూ నవ్వులే. ఈస్టర్ వారం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఎక్కించాను. సగం దాకా బాగానే ఎక్కింది. ఇంజన్ బాగా వేడెక్కింది. ఒక్కసారిగా ఇంజన్ గుర్రుమని లేచింది, బండి మాత్రం ముందుకు పోవడం మానేసింది. ఎంత తొక్కితే అంత అరుపు, కదలిక లేదు. హ్యాండ్ బ్రేకు లాగి దిగాను. వెనక సిటీ బస్సు, దాని వెనక సగం హైదరాబాద్. పోయేవాళ్లంతా తలకాయ బయట పెట్టి ఒకటే సలహా.

"అన్నా, క్లచ్ ప్లేట్ పోయింది!"

"ఏ క్లచ్ ప్లేటయ్యా! తొక్కేటందుకు క్లచ్చే లేదు దీనికి!" అని అరిచాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూసి వెళ్లారు.

కారును తాడు కట్టి షెడ్డుకు చేర్చాక నేరుగా జహంగీర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి చాయ్ ముట్టలేదు.

"జహంగీర్, కౌన్‌సా పర్సోఁ?"

వాడు గడ్డం గోక్కున్నాడు. ఆ గోకుడు చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. "అదే భాయ్... యార్డుకు పైన రేకులు ఎయ్యకముందు."

అంటే ఆ డబ్బా ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిసి పడి ఉంది. లోపలి రబ్బరు వాషర్లన్నీ గట్టిపడి పెంకులైపోయాయి. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు పట్టు ఉంటుంది, వేడెక్కి పలచబడగానే పక్కల నుంచి జారిపోతుంది. ఎత్తు ఎక్కాలంటే ఇక పట్టు ఎక్కడిది? జహంగీర్ మీద కోపం పెట్టుకోలేదు. వాడు మోసం చేయలేదు, వాడి పర్సోఁ వాడు చెప్పాడు. నిజంగానే బాధపడ్డాడు కూడా. కొత్త రబ్బర్ల సెట్టు తానే వెతికి తెచ్చి ఇచ్చాడు.

షెడ్డుకు వచ్చేసరికి దేవదానం, సిస్టరమ్మ కూర్చుని ఉన్నారు. ఫ్లైఓవర్ మీది తమాషా సగం ఊరు చూసింది కదా.

"ఇగ వద్దక్కా. గట్లనే నువ్వు గా పుల్ మీద ఆగిపోతె ఎట్ల? నేను కొనేటాయనకు ఫోన్ చేస్త" అన్నాడు దేవదానం. కారు మీద కోపం కాదది, అక్కకేమవుతుందోనన్న భయం.

"ఐతారం ఇంక రాలే" అంది సిస్టరమ్మ. నా వైపు చూసింది. "అయితదా మల్లేశ్? అబద్ధం చెప్పకు. నేను మస్తు మందికి ఏం కాదు, ఏం కాదు అని చెప్పిన. ఆ మాట నాకు తెల్సు."

"ఏం కాదు అని చెప్తలేనమ్మా. రబ్బర్లు మారుస్త. ఫ్లైఓవర్ ఎక్కితె నీకిస్త. ఎక్కకుంటె నేనే ఆయనకు ఫోన్ చేస్త."

డబ్బా మళ్లీ దించాం. నస్రీన్, నేను పక్కపక్కన కూర్చుని ముక్క ముక్కగా విప్పాం, కడిగాం, కొత్త రబ్బర్లు ఎక్కించాం. నా పనంతటిలో అంత భయపడుతూ బోల్టులు బిగించింది అప్పుడే. పండగ ముందు శనివారం మధ్యాహ్నం, మండే ఎండలో, ఇంజన్ బాగా కాగేదాకా ఊరంతా తిప్పి, అదే ఫ్లైఓవర్ ఎక్కించాను. ఎక్కింది. నమ్మకం కుదరక తిప్పుకొచ్చి మళ్లీ ఎక్కించాను. మళ్లీ ఎక్కింది. పైన ఆపుకోలేక హారన్ కొట్టాను. పక్కన పోయే ఆటోవాడు, నీకేమైంది తాతా అన్నాడు.

అదే సాయంత్రం సిస్టరమ్మ సీట్లో కూర్చుంది. దేవదానం వెనక సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని, ఎప్పుడు ఎగిరిపడతానా అని డాష్‌బోర్డు పట్టుకున్నాను. షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఆమె బయలుదేరింది. మలుపు తిరిగింది. ఆపింది. మళ్లీ బయలుదేరింది. కుదుపు లేదు, కేక లేదు, ఏమీ లేదు.

అప్పుడు తట్టింది నాకు. మా అందరినీ మోసం చేసింది ఎడమ కాలు. ఆమె ఎడమ కాలు లేవదు. లేవని కాలు బ్రేకు మీద ఎట్లా పడుతుంది? మా అందరిలో ఆ కారును మొదటిసారే సాఫుగా నడిపింది సిస్టరమ్మ ఒక్కతే.

ఆ మాట చెప్పాను. ఆమె కారు ఆపి తన కాలు వైపు చూసుకుంది. పడిపోయినప్పటి నుంచి ఆ కాలును తిట్టని రోజు లేదట. "ఒక్క పనికన్న వచ్చినవే" అని దాన్ని మెల్లగా తట్టి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. దేవదానం కళ్లు తెరవకుండానే, "ఏమైంది? ఏం గుద్దిన్రు?" అన్నాడు.

ఈస్టర్ పొద్దున

పండగ నాడు నేనూ నస్రీన్ చర్చి గేటు దగ్గర నిలబడ్డాం. దేవదానం మాకంటే ముందే వచ్చి, రైలు కోసం చూసినట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు. గంట మోగింది. జనం లోపలికి వెళ్తున్నారు. కారు లేదు. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

అంతలో మూల తిరిగింది తెల్ల అంబాసిడర్. లోపల నలుగురు తెల్ల చీరల ముసలమ్మలు. ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు, నడిపే ఆమె మాత్రం మాట్లాడకుండా రోడ్డు చూస్తోంది. గేటు ముందు గోడకు బెత్తెడు దూరంలో కచ్చితంగా ఆపింది.

దేవదానం పరుగున వెళ్లి తలుపు తీశాడు. చెయ్యి అందించబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. ఆమె కర్ర ఊని తానే దిగింది. వెనక తలుపు తీసి ముగ్గురినీ ఒక్కొక్కరినే చెయ్యి పట్టి దించింది. ఆ పట్టు ఇంకా నర్సు పట్టే.

దేవదానం కళ్లు తుడుచుకున్నాడు. ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా ఉండడం నేను ఎక్కడా చూడలేదు. అయినా భయం ఎక్కడికి పోతుంది?

"సరే అక్కా, గెల్చినవ్. ఉంచుకో. కని ఎప్పటికైనా అమ్మాలె గద? గా కొనేటాయనకు ఏం చెప్పాలె? ఎప్పుడిస్తవ్?"

సిస్టరమ్మ చీర సర్దుకుంది. బైబిల్ చంకలో పెట్టుకుంది.

"పర్సోఁ" అంది, లోపలికి నడుస్తూ.

దేవదానం రైల్వే మనిషి. నిలబడ్డ చోటే వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పర్సోఁ అంటే... మంగళవారమా?"

నస్రీన్ దుపట్టా నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. వెనక్కి అంత దూరం సాగే మా పర్సోఁ ముందుకు కూడా సాగుతుందని నాకు ఆ పొద్దునే తెలిసింది.

ఆ తర్వాత చాలా ఈస్టర్లు వచ్చాయి. కొనేటాయన అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూనే ఉంటాడట, ఆమె అదే జవాబు చెబుతుందట. ఆదివారం పొద్దున ఆ కారు మా గల్లీ ముందు నుంచి పోతుంటే, అరుగు మీద కూర్చుని డబ్బా గేరు మార్చుకునే చప్పుడు వింటాను. బాగానే ఉంది.

ఏ పర్సోఁ అని అడగనివాడు పానా పట్టొద్దని ఉస్తాద్ నేర్పాడు. మీరు అందరినీ అడగండి. సిస్టరమ్మను మాత్రం నేను అడగలేదు.